మాటల్లేని ప్లేటు

గ్రామఫోను ప్లేటు చంకన పెట్టుకుని రైలెక్కిన మనిషిని ఈ రోజుల్లో ఎవరైనా ఎగాదిగా చూస్తారు. కిందటి కార్తీకంలో ఒకనాటి ఉదయం వికారాబాదు స్టేషనులో నన్నూ అలాగే చూశారు. ఎదుటి బెంచీ మీది పెద్దాయన ఉండబట్టలేక, "ఏంది సారూ అది, అద్దమా?" అన్నాడు.

"కాదు, పాటల ప్లేటు."

"గవి ఇంకా పాడుతయా?"

"అది తేల్చుకుందామనే తాండూరు పోతున్నాను" అన్నాను. ఆయన నవ్వాడు గాని, నేను చెప్పింది నిజమే.

ఆ ప్లేటు నాకు హైదరాబాదులో దొరికింది. ఆబిడ్స్‌లో ఆదివారాలు కాలిబాట మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడికి ఒక నిఘంటువు కోసం వెళ్ళాను. నిఘంటువు లేదు. దాని బదులు ఇంజనీరింగు పుస్తకాల అడుగున ఇది కనిపించింది: 'ఆనంద శంకర్ అండ్ హిజ్ మ్యూజిక్', 1975. అట్ట మీద ఎవరో సిరాతో పేరు రాసుకున్నారు. ఆ పేరును ఎవరో తరవాత కొట్టేశారు. మూడు వందలిచ్చి తెచ్చుకున్నాను.

ఈ ఆనంద శంకర్ ఎవరని మీరడగవచ్చు. నాట్యాచార్యుడు ఉదయ శంకర్ కొడుకు. 1942లో అల్మోడాలో పుట్టాడు. సితార విద్వాంసుడు రవిశంకర్ స్వయానా పినతండ్రి. అయినా ఆయన దగ్గర నేర్చుకోలేదు. కాశీ వెళ్ళి లాల్‌మణి మిశ్రా గారిని ఆశ్రయించాడు. ఆ రోజుల్లోనే ఇంగ్లండులో కుర్రకారు మూడు నిమిషాల పాటతో విసిగిపోయి, ఒక్కొక్క పాటను పావుగంట దాకా సాగదీసి, అందులో కచేరీ సంగీతాన్నీ కరెంటు గిటారునూ కలిపి 'ప్రోగ్రెసివ్ రాక్' అని పేరు పెట్టుకున్నారు. ఆనంద శంకర్ అటువంటి పనే సితారతో చేశాడు. 1970లో అమెరికాలో వచ్చిన ఆయన మొదటి ప్లేటులో 'సాగర్' అన్న ఒక్క రచనే పదమూడు నిమిషాలు నడుస్తుంది. అందులో సితారకు తోడుగా మోగినది మూగ్ సింథసైజరు. ఆ యంత్రం కనిపెట్టినవాని పేరును మనం 'మూగ్' అని రాస్తాం, సరిగా పలికితే 'మోగ్' అట! మూగదో, మోగేదో తెలుగు మేష్టర్లు తేల్చవలసిన సంగతే.

రైలు కదిలింది. వికారాబాదు నేల ఎర్రన. అనంతగిరి గుట్టల్లో మూసీ పుట్టి తూర్పున హైదరాబాదు వైపు పోతుందని అందరికీ తెలుసు. ఆ గుట్టల పరిసరాల్లోనే కాగ్నా కూడా పుట్టి, పడమటి దారి పట్టి తాండూరు మీదుగా భీమలో కలుస్తుంది. ఒకే చోట కురిసిన వానలో ఒక చినుకు అటు, ఒక చినుకు ఇటు. చివరికి రెండూ కృష్ణలోనే చేరతాయి. ధారూరు, రుక్మాపూర్ దాటేసరికి ఎర్రనేల పోయి నల్లరేగడి వచ్చింది. కంది చేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఇదే. ఆ వెనక స్టేషను పొడుగునా నాపరాళ్ళ దొంతరలు: నీలం బండ, పసుపు బండ. మన ఇళ్ళలో చాలామంది చెప్పులు విడిచేది ఈ ఊరి రాతి మీదే.

మా నాయిన ఆ బండల లెక్కలు రాసిన గుమాస్తా. మితభాషి. రాత్రి భోజనం కాగానే ఎర్ర పెట్టె గ్రామఫోను తెరిచి ఒంటరిగా వినేవారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉంటుంది. నిజం చెప్పాలంటే ప్లేటు నాకొక సాకు. ఇల్లు బేరం పెట్టి, అమ్మను వికారాబాదుకు తెచ్చుకోవాలన్నది అసలు పని.

"గదేంది బిడ్డా చేతుల?" అంది అమ్మ, గడపలోనే.

చెప్పాను. ఏమీ అనలేదు. వెళ్ళి బీరువా పక్కనుంచి పెట్టె తీసి, కొంగుతో దుమ్ము తుడిచింది. నేను ముల్లు ఆనించాను. పెట్టె మూలిగింది. సితార కాదు గదా, గేదె అరచినట్టుంది. రబ్బరు బిగిసిపోయినట్టుంది, లాభం లేదనుకుని ముల్లెత్తబోయాను.

"ఆగు. ముందుగాల రెండు చుట్లు వేలుతోని తిప్పాలె. మీ నాయిన గట్లనే చేస్తుండె" అని అమ్మ వచ్చి, చూపుడువేలితో ప్లేటును మెల్లగా రెండు చుట్లు తిప్పి వదిలింది. గేదె గొంతు సన్నబడి సన్నబడి సితార అయింది.

"నీకెట్ల తెలుసమ్మా? నువ్వెన్నడూ ఇక్కడ కూసోలేదు గద!"

"వంటింట్లకు ఇనపడదా?" అంది.

'స్ట్రీట్స్ ఆఫ్ కలకత్తా'లో గిటారు, డ్రమ్ములు, మృదంగం, తబలా అన్నీ బజారులోకి వచ్చినట్టు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. 1990ల నడుమ లండను నాట్యశాలల్లో కుర్రవాళ్ళు ఈ పాటకే చిందులేశారు. కలకత్తాలో ఉన్న ఆ కళాకారుడికి మళ్ళీ మంచి రోజులొచ్చాయి. 1999లో ఆయన కన్నుమూశాడు. తరవాత 'ద రివర్', 'విదాయ్' వచ్చాయి. విదాయ్ అంటే వీడ్కోలు. నేనా మాటకు అర్థం చెప్పలేదు.

"మాటలే లేవు" అంది అమ్మ కాసేపటికి.

"లేవమ్మా. ఉత్త వాయిద్యమే."

"మంచిదే. మీ నాయిన సుత మాటలాడకుండనే అన్ని చెప్తుండె."

ఆయన ఒంటరిగా వింటున్నారని ఇన్నేళ్ళూ అనుకున్నది నేనొక్కణ్ణే. గోడకు అటొకరు, ఇటొకరు కూర్చుని ఇద్దరూ ఒకే పాట విన్నారు. ఆ గోడను బేరం పెట్టడానికి నేను రైలెక్కి వచ్చాను!

సాయంత్రం బండికి లేచాను. ఇంటి మాట ఎత్తలేదు. ప్లేటు సంచిలో పెట్టుకోబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ ఇంట్ల పెట్టె లేదు గద. గిది ఈడనే ఉండనియ్యి. ఇనబుద్ధయినప్పుడు రా."

ఉత్త చేతులతో వికారాబాదు చేరాను. అప్పటినుంచీ నెలకు రెండు ఆదివారాలైనా తాండూరు బండి ఎక్కుతున్నాను. ప్లేటు తిప్పేది అమ్మే. వేలు ఎంత ఒత్తి పెట్టాలో నాకింకా పట్టుబడలేదు.