అందరికీ ఒకటే గడియారం

మానవదేహపు ఓర్పును పరీక్షించే క్రీడలలో ‘ఐరన్‌మ్యాన్’ పోటీకి సాటివచ్చేవి అరుదు. సముద్రంలో 3.8 కిలోమీటర్లు ఈదాలి. ఒడ్డుకు చేరగానే 180 కిలోమీటర్లు సైకిలు తొక్కాలి. దిగీ దిగకముందే 42.2 కిలోమీటర్లు పరుగెత్తాలి. సాధారణంగా ఇదంతా 17 గంటలలో ముగియాలి. 1978లో హవాయీ దీవులలో మొదటిసారి ఈ పోటీ జరిగినప్పుడు బరిలో దిగినవారు 15 మంది. గమ్యం చేరినవారు 12 మంది.

అటువంటి పోటీకి వికలాంగులు పూనుకున్నారని వింటే మొదట జాలి కలుగుతుంది. ఆ వెంటనే ఆశ్చర్యం. కాని పోటీలో నడిచే గడియారానికి జాలీ తెలియదు, ఆశ్చర్యమూ తెలియదు. వారి సాహసానికి విలువ తెచ్చేది ఆ గడియారమే.

అమెరికాకు చెందిన సారా రైనర్ట్‌సెన్‌కు పుట్టుకతోనే ఒక తొడ ఎముక సరిగా ఎదగలేదు. ఏడేళ్ల వయస్సులో ఆ కాలిని మోకాలి పైభాగాన తొలగించారు. కృత్రిమపాదంతోనే ఆమె పరుగు నేర్చింది. 1992లో బార్సిలోనా పారాలింపిక్ క్రీడలలో పాల్గొన్నది. 2004లో హవాయీలోని కోనాకు వచ్చి ఐరన్‌మ్యాన్ బరిలో నిలిచింది.

ఒంటికాలితో సముద్రాన్ని ఈదింది. తరువాత సైకిలు. నల్లని లావా రాళ్ల నడుమ సాగే ఆ రహదారిమీద ఎండ మండిపోతుంది. ఎదురుగాలి మనిషిని వెనక్కు నెడుతుంది. కృత్రిమపాదానికి కండరాలు లేవు గనుక తొక్కే భారమంతా దాదాపు ఒక్క కాలిమీదనే పడుతుంది. 180 కిలోమీటర్లు పూర్తిచేసి వచ్చేసరికి నియమిత సమయం దాటి 15 నిమిషాలయింది. ఆమె పోటీ అక్కడితో ముగిసింది.

ఆ 15 నిమిషాలను చూసీ చూడనట్లు వదిలివేస్తే తప్పుపట్టేవారెవరు? బహుశా ఎవరూ ఉండరు. కాని అప్పుడు ఆమె చేతికి దక్కేది విజయం కాదు, దానం. మినహాయింపులో ఒక తీర్పు దాగి ఉంటుంది: ‘నీవు తక్కినవారితో సమానం కావు’ అని. నియమం ఆమెను ఆపివేసింది. ఆపివేయడంలోనే అందరిలో ఒకరిగా గుర్తించింది. మరుసటి సంవత్సరం సారా మళ్లీ వచ్చింది. 15 గంటల 5 నిమిషాలలో గమ్యం దాటి, కృత్రిమపాదంతో కోనా పోటీని పూర్తిచేసిన తొలి మహిళ అయింది.

సమానత్వమంటే సాయం నిరాకరించడం కాదు. చూపులేనివారు మార్గదర్శకునితో కలిసి జంటసైకిలు తొక్కుతారు. కాళ్లు కదలనివారు చేతులతో నడిపే సైకిలుమీద సాగుతారు. ఇవేవీ దూరాన్ని తగ్గించవు. బడికి వాలుబాట కట్టడం వేరు, పరీక్షలో మార్కులు కలపడం వేరు.

ఈ తేడాను చక్కగా చూపినవాడు క్రిస్ నికిక్. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన అతడికి ఐదు నెలల వయస్సులో గుండెకు శస్త్రచికిత్స జరిగింది. నడక వచ్చేసరికి నాలుగేళ్లు నిండాయి. రోజుకు ఒక్క శాతం మెరుగుపడితే చాలునని తండ్రీకొడుకులు నియమం పెట్టుకున్నారు. 2020 నవంబరు 7న ఫ్లోరిడాలోని పనామా సిటీ బీచ్‌లో, 21 ఏళ్ల వయస్సులో, మార్గదర్శకుని తోడుతో బరిలో దిగాడు. దారిలో సైకిలుమీదనుంచి పడ్డాడు. ఆగినచోట చీమలు కుట్టాయి. అయినా 16 గంటల 46 నిమిషాల 9 సెకన్లలో గమ్యం చేరాడు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఐరన్‌మ్యాన్ పూర్తిచేసిన మొదటివాడు అతడే. అప్పటికి గడువులో మిగిలి ఉన్నవి 14 నిమిషాలు మాత్రమే. గడువనేదే లేకపోతే ఆ 14 నిమిషాలకు అర్థమేముంది?

ఇంట్లోనో బడిలోనో వైకల్యం ఉన్న పిల్లవాడు ఏదైనా పనికి పూనుకోగానే, ‘నీకెందుకు నాయనా శ్రమ, కూర్చో’ అనడం సులభం. ఆ మాటలో ప్రేమ ఉంటుంది. కాని అది వాడిని బరిలోకి దిగనివ్వదు. వాడికి తగిన సాధనం అందించి, తక్కినవారికున్న కొలతనే ముందుంచి, ఓడిపోయే హక్కును కూడా ఇవ్వడం కష్టం. ఆ హక్కు దక్కినందువల్లనే 2004లో సారా ఓడిపోగలిగింది, 2005లో గెలవగలిగింది.