'వీలైనంత' అంటే ఎంత?

నా ఉద్యోగం వాక్యాలు రాయడం. ఉపగ్రహంలో పెట్టే శాస్త్ర పరికరం ఏం చెయ్యాలో ఒక్కో వాక్యంలో, ఒక్కో అంకెతో రాసి పెట్టాలి. మా భాషలో అవి రిక్వైర్‌మెంట్లు. ఈ పనిలో నాకు గిట్టని మాట 'వీలైనంత'. సైంటిస్టులకు అదంటే మహా ఇష్టం. వీలైనంత స్పష్టంగా, వీలైనంత తేలిగ్గా! దాన్ని ఏ టెస్టు పెట్టి తేల్చను?

కొత్తగా చేరిన పిల్లలకు సూర్యుణ్ణి చూసే మన ఉపగ్రహం ఆదిత్య-ఎల్1 కథే చెబుతాను. సూర్యుడి కరోనాను, అంటే బయటి వాతావరణాన్ని, అంచుకు దగ్గరగా చూడాలన్నది కోరిక. దగ్గరంటే? సూర్యకేంద్రం నుంచి వ్యాసార్ధానికి 1.05 రెట్లు, అంటే అంచు దాటి దాదాపు 35 వేల కిలోమీటర్లు. అక్కడ కరోనా వెలుగు సూర్యబింబం వెలుగులో ఏ పది లక్షల్లో ఒక వంతో. బింబం వెలుగు అద్దం మీది గరుకుకో దుమ్ముకో తగిలి చెదిరిందా, కరోనా అందులో మునిగిపోతుంది. అందుకని చెదిరే వెలుగుకో హద్దు, దాన్నిబట్టి అద్దం నునుపుకో హద్దు, ఆపైన అద్దం బిగించే గదిలో దుమ్ముకో హద్దు. సూర్యుడి దగ్గర మొదలైన మాట ఆ గదిలోకి వెళ్లేవాడి తలటోపీ దాకా వస్తుంది. ఈ ఉద్యోగంలో నాకు రుచి అక్కడే.

కోరిక పెరిగితే అన్నీ మారాల్సిందే. మొదట అనుకున్న ఆదిత్య-1 ఒకే పరికరంతో 800 కిలోమీటర్ల ఎత్తున తిరగాల్సింది. భూమి నీడ అడ్డురాకుండా ఎప్పుడూ సూర్యుణ్ణే చూడాలనుకున్నాక అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం, ఏడు పరికరాలు అయింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఎగిరింది.

ఇక నా భాగోతం. ఒక ప్రాజెక్టులో డిటెక్టర్ ఉష్ణోగ్రత అర డిగ్రీకి మించి అటూ ఇటూ పోకూడదని ఉంది. థర్మల్ వాళ్లు నెలల తరబడి కుస్తీ పట్టారు. హీటర్లు పెరిగాయి, కరెంటు చాల్లేదు. అసలీ అంకె ఎవరడిగారని తవ్వితే ఒక పాత డాక్యుమెంటు, దాని వెనక ఇంకోటి, చివరికి రిటైరైన ఓ పెద్దాయన. ఫోన్ చేస్తే, "అదా నాయనా, అప్పట్లో ఉంటుందిలెమ్మని వేశాను. రెండు డిగ్రీలైనా నష్టం లేదు" అన్నారు. ఆయన్నేం అనను? ఆ కాగితం కింద సంతకాల్లో నాదీ ఉంది.

అప్పట్నుంచి ప్రతి అంకె పక్కన 'ఎందుకు' అని ఓ గడి పెట్టాను. అది ఖాళీగా ఉంటే రివ్యూకు పంపను. మొన్న ఒకమ్మాయి అందులో 'పోయినసారీ ఇంతే' అని నింపింది. నిజమే చెప్పిందని మెచ్చుకుని, షీటు తిప్పి పంపాను.