శత్రువుకు శత్రువు... వైరస్!

కృష్ణా డెల్టాలో రొయ్యల చెరువున్న ఇంట్లో ‘వైరస్’ అనే మాట గట్టిగా అనరు. 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది మరి! ఆ దెబ్బకు పొలాలు అమ్ముకున్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. కానీ, రొయ్య జోలికీ మనిషి జోలికీ పోని వైరస్‌లూ ఉన్నాయి. వాటి వేటంతా బ్యాక్టీరియా మీదే. పేరు బ్యాక్టీరియోఫేజ్... అంటే బ్యాక్టీరియాను తినేదని అర్థం. 1917లో ఫెలిక్స్ డి హెరెల్ పెట్టిన పేరది.

నిజానికి అది తినదు. అంతకన్నా ఘోరమే చేస్తుంది. మన పేగుల్లో ఉండే ఇ.కోలి మీద దాడిచేసే టీ4 ఫేజ్‌నే చూడండి. ఓ తల, ఓ తోక, సాలీడు కాళ్లలాంటి పోగులు. వాటితో బ్యాక్టీరియా గోడ మీద వాలి, తోకను సూదిలా గుచ్చి, తన డీఎన్‌ఏను లోపలికి పంపిస్తుంది. డొల్ల బయటే ఉండిపోతుంది. ఇక ఆ బ్యాక్టీరియా సొంత పనులు మానేసి వైరస్‌కు చాకిరీ చేయాల్సిందే. బెజవాడ ఆటోనగర్ చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. క్యాబిన్ ఒకచోట, బాడీ ఒకచోట తయారై చివరికి లారీ అయినట్టు... తలలు వేరుగా, తోకలు వేరుగా తయారై ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆఖర్న గోడను కరిగించే ఎంజైమ్ పుడుతుంది. అంతా కలిపి అరగంట! బ్యాక్టీరియా పగిలిపోయి, వందకు పైగా కొత్త ఫేజ్‌లు బయటపడతాయి.

రొయ్యల హేచరీలో రాత్రిపూట నీళ్లు మిలమిలా మెరిస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ, యజమాని గుండె జారిపోతుంది. అది విబ్రియో హార్వేయి అనే బ్యాక్టీరియా వెలుగు. పిల్లలు కుప్పలుగా చచ్చిపోతాయి. యాంటీబయాటిక్ పోద్దామంటే కొన్నాళ్లకు బ్యాక్టీరియా మొండికేస్తుంది. రొయ్యలో మందు ఆనవాళ్లు దొరికితే యూరప్, అమెరికా సరుకును తిప్పి పంపుతాయి. మంగళూరు మత్స్య కళాశాల శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, యాంటీబయాటిక్ వేసిన తొట్లకన్నా ఫేజ్ వేసిన తొట్లలోనే ఎక్కువ పిల్లలు బతికాయి.

కృత్తివెన్ను దగ్గర వనామీ సాగుచేసే మా మావయ్యకు ఈ సంగతి చెప్పా. ‘వైరస్ వదిలి చెరువు బాగుచేసుకోమంటావేంట్రా?’ అని నవ్వేశారు. ఆ తర్వాత అడిగారు అసలు ప్రశ్న... ‘లోపలికెళ్లిన ప్రతి వైరసూ దాన్ని చంపే తీరుతుందా?’

చంపదు. కొన్ని ఫేజ్‌లు బ్యాక్టీరియా డీఎన్‌ఏలోనే కాపురం పెట్టేస్తాయి. అది రెండైనప్పుడల్లా అవీ రెండవుతాయి. పోతూపోతూ దానికి కొత్త ఆయుధమూ ఇవ్వొచ్చు. కలరా బ్యాక్టీరియా కూడా విబ్రియోనే. మనిషి ఒంట్లో నీరంతా పిండేసే దాని విషపు జన్యువు, అసలు అందులో దాగున్న ఓ ఫేజ్‌దని 1996లో వాల్డర్, మెకలనోస్ అనే అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. చెరువుకు కావాలంటే చంపే రకాన్నే ఏరుకోవాలి. పైగా ఒక్కో ఫేజ్ సాధారణంగా ఒక జాతి బ్యాక్టీరియానే, అందులోనూ కొన్ని రకాలనే పడుతుంది. పక్క చెరువులో పనిచేసింది మన చెరువులో చేయకపోవచ్చు. ముందు మన నీళ్లలో ఉన్న విబ్రియో ఏదో ల్యాబ్‌లో తేలాలి.

‘అయితే మందు సంగతి తర్వాత. రేపు నీళ్లు పట్టి పంపిస్తా’ అన్నారు మావయ్య.