మళ్ళీ మళ్ళీ వచ్చే తలతిప్పు

క్రిందటి కార్తికంలో ఒక తెల్లవారుజామున కుడివైపు ఒత్తిగిల్లగానే గది గిర్రున తిరిగింది. కళ్ళు మూసుకొని అర నిమిషం కదలక ఉన్నాను, తగ్గింది. స్థితిజన్య తలతిప్పు నాకు రావడం అది మూడవసారి. “మీకే ఇన్నిసార్లు వస్తే ఇతరులకు ఏమి చెబుతారండీ?” అన్నది నా భార్య. ఆమెకు చెప్పిన సమాధానమే మీకూ చెబుతున్నాను.

లోపలిచెవిలోని ఒక చిన్న సంచిలో, జిగురుపొరపై, కాల్షియం కార్బోనేట్ స్ఫటికాలు అంటుకొని ఉంటాయి. సున్నపురాయిలో ఉండే పదార్థమే అది. తల ఎటు వాలినదో తెలియడానికి అవి అవసరం. వాటిలో కొన్ని ఊడి ప్రక్కనున్న అర్ధవర్తులాకార కుల్యలలోనికి, ఎక్కువగా వెనుక కుల్యలోనికి, జారుతాయి. పడుకున్నా, ప్రక్కకు తిరిగినా, అటక వైపు తలెత్తినా ఆ రేణువులు దొర్లి అక్కడి ద్రవాన్ని కదిలిస్తాయి. తల నిలిచినా, ఇంకా తిరుగుతున్నదనే కబురు మెదడుకు చేరుతుంది.

అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతిలో తలను వరుసగా కొన్ని భంగిమలలో త్రిప్పి రేణువులను తిరిగి సంచిలోనికి చేరుస్తాము. కొద్ది నిమిషాల పని. చాలామందికి ఒకటి రెండుసార్లలోనే ఉపశమనం కలుగుతుంది. కాని వేపచెట్టు క్రింద వాకిలి ఊడ్చినంత మాత్రాన ఆకు రాలడం ఆగదు. రేణువులను రాల్చే పొర అట్లే ఉన్నది. అందుకే సుమారు సగం మందిలో కొన్నేళ్ళలోపు మళ్ళీ వస్తుంది. వార్ధక్యం, ఎముకల గుల్లతనం, విటమిన్ డి లోపం, తలకు దెబ్బ, మైగ్రేన్ ఉన్నవారికి ఆ అవకాశం ఎక్కువ. తిరిగి వచ్చినది మొదటి చెవిలోనే అనుకోరాదు. మరల పరీక్ష చేయించుకొనవలెను.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నాకు ఈ పద్ధతి తెలియదు. తలతిప్పు అన్న ప్రతివారికీ ప్రోక్లోర్‌పెరజిన్ మాత్రలు నెలల తరబడి వ్రాసేవాడిని. అవి వికారాన్ని అణచుతాయి, మగత తెస్తాయి. రేణువును మాత్రం కదపలేవు. “తగ్గలేదు బాబూ, మళ్ళీ వచ్చింది” అన్న ఒక వృద్ధురాలికి మోతాదు పెంచాను. ఆమె ఒక రాత్రి లేవబోయి పడి తుంటి విరుగగొట్టుకొన్నది. తలతిప్పు పడవేసిందో, మగత పడవేసిందో చెప్పలేను. చీటీ వ్రాసినది మాత్రం నేనే.

కొరియాలో 2020లో వెలువడిన ఒక పరిశోధనలో, విటమిన్ డి తక్కువగా ఉన్నవారికి ఆ విటమిన్‌ను, కాల్షియాన్ని ఒక సంవత్సరం ఇస్తే తలతిప్పు తిరిగి రావడం సుమారు నాలుగవ వంతు తగ్గింది. పూర్తిగా ఆగలేదు. మనకు ఎండకు కొదవ లేదని చెప్పుకొనే నేను కూడా పరీక్షిస్తే లోపమున్నవాడినే!

మాట తడబడినా, వస్తువులు రెండుగా కనబడినా, కాలో చేయో పట్టు తప్పినా, కదలకున్నా తలతిప్పు గంటల తరబడి ఆగకున్నా అది ఈ వ్యాధి అనుకొని ఇంట ఉండకండి. పక్షవాతం కావచ్చును; వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మూడవసారి నా తలను త్రిప్పినది నా వద్ద ఒకప్పుడు పని నేర్చిన యువ వైద్యురాలు. ఇప్పుడు మంచం ప్రక్కన చిన్న దీపం రాత్రంతా వెలుగుతూ ఉంటుంది. లేవబోయే ముందు ఒక నిమిషం కూర్చుంటాను.