తీపి తక్కువైన చేదు

గత ఆషాఢంలో సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. ఆదివారం నాడు లాల్ దర్వాజ సింహవాహిని మహంకాళి గుడి వైపునుంచి డప్పుల మోత మా గౌలిపురా సందుల్లోకి వచ్చి చేరుతున్నది. లోపల అమ్మ బోనం కుండకు పసుపు రాస్తున్నది. నేను అరుగు మీద ఒక స్టీలు పళ్ళెం పెట్టి, అందులో మూడు పొట్లాలు విప్పి, మా నాయన ముందుకు జరిపాను.

ఒకదానిలో మాల్టు, అనగా మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలు. రెండవదానిలో హాప్స్ అనే తీగ పూలను పొడి చేసి అదిమిన ఆకుపచ్చని బిళ్ళలు. మూడవది ఈస్టు. ఈ మూడింటితో, నీళ్ళతో బీరు కాయడం ఏడేళ్ళుగా నా వ్యాపకం. ముఖ్యంగా ఇండియా పేల్ ఏల్, అందరూ ఐపీఏ అని పిలుచుకొనే చేదు బీరు.

మిత్రులు అపార్థం చేసుకోకుండా ముందే ఒక మాట. నేను కాచేది పోర్ట్‌లాండ్ శివారులోని మా ఇంట్లో. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల వరకు, అమ్మకానికి కాక సొంతానికి, పన్ను లేకుండా బీరు కాచుకోవచ్చునని అమెరికాలో 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం చెబుతుంది. మన దగ్గర లైసెన్సు లేకుండా కాయడం నేరం. అందుకే నేను నాయనకు చూపించినవి గుప్పెడేసి ముడిసరుకులు మాత్రమే.

మా నాయన కల్లు గీసినవాడు. యౌవనంలో మోకు, ముత్తాదు కట్టి ఈతచెట్లూ తాళ్ళూ ఎక్కాడు. తరువాత పాతబస్తీలోని ఒక కల్లు కాంపౌండులో పనిచేశాడు. మా వీధిలోని ముసల్మాను పెద్దలు దానిని సేంధీఖానా అనేవారు. బడి ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట నేను ‘వ్యవసాయం’ అని రాసేవాణ్ణి. ఒక ఏడు ఆ ఫారం సంతకానికై నాయన చేతికి వెళ్ళింది. ఆయన మెల్లగా కూడబలుక్కొని చదివి, సంతకం చేసి, తిరిగి ఇచ్చాడు. ఏమీ అనలేదు. 2004లో నగరంలోని కల్లు దుకాణాలు మూతబడినప్పుడు ఒక గోదాముకు కాపలాకు కుదిరాడు. 2014లో అవి తిరిగి తెరుచుకొనేనాటికి ఆయన మోకాళ్ళు అరిగిపోయినవి.

నాయన ముందుగా నాలుగు మాల్టు గింజలు నమిలాడు. “రాగిమాల్టు తీరుగ ఉన్నదిరా. తియ్యగనే ఉన్నది.” తరువాత హాప్స్ బిళ్ళ ఒకటి కొరికి, వెంటనే సందులోకి ఉమ్మివేశాడు. “దీనికన్న వేపాకు నయం.” ఈస్టు పొట్లం చూపి అదేమిటో చెప్పగానే మాత్రం పకపకా నవ్వాడు. “దీన్ని పైసలు పెట్టి కొంటున్నవా?”

ఆయన నవ్వు సబబే. కల్లులో ఎవ్వరూ ఏమీ కలపనక్కరలేదు. గీసిన చోట, గాలిలో, కడిగినా వదలని లొట్టి అంచున అది ఉండనే ఉంటుంది. చెట్టునుంచి కారే నీరు తియ్యనిది, కొన్ని గంటలలోనే నురగలెత్తుతుంది, మరునాటికి పులిసిపోతుంది. గీసేవాడి చేతిలో ఉన్నవి రెండే ఉపాయాలు. లొట్టిని ఎంత శుభ్రంగా కడగాలి, లోపల ఎంత సున్నం పూయాలి. సున్నం ఉంటే పులియడం ఆలస్యమవుతుంది.

“ఇండియా పేరెందుకు పెట్టిన్రు దీనికి?” అని అడిగాడు. తెలిసినంత చెప్పాను. లండనులో బో అనే చోట హాడ్జ్‌సన్ కుటుంబం కాచిన బీరు ఈస్టిండియా కంపెనీ ఓడలలో మన రేవులకు వచ్చేది. హాప్స్ దండిగా వేస్తే బీరు చెడకుండా నిలుస్తుంది కనుక దూరప్రయాణానికి చేదు బీరు తగినది. 1820ల తొలినాళ్ళలో బర్టన్ పట్టణపు ఆల్సప్ రంగంలోకి దిగాడు. ఆ ఊరి బావినీళ్ళలో జిప్సం ఎక్కువ. దానివల్ల చేదు మరింత పదునుగా తెలుస్తుంది.

ఆ జిప్సం మాట వచ్చేసరికి నా బాధ వెళ్ళబోసుకున్నాను. బర్టన్ నీళ్ళను అనుకరించాలన్న మోజుతో నేనూ నా నీళ్ళలో జిప్సం కలిపాను. వరుసగా మూడు కాపులు నాలుక మీద గీరుకుపోయే చేదుతో వచ్చినవి. రెండవసారి హాప్స్ తగ్గించాను, మూడవసారి ఇంకా తగ్గించాను. సువాసన పోయింది కాని గరుకుదనం పోలేదు.

నాయన కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగాడు. “అయిపోయినంక తీపి ఏమన్న మిగులుతున్నదా?”

నా పుస్తకంలో అంకె ఉన్నది. మొదట 1.062 ఉన్న సాంద్రత చివరికి 1.007కు దిగిపోయింది. అంటే చక్కెరంతా దాదాపు ఈస్టు తినివేసింది. “లేదు నాయినా” అన్నాను.

“మరి చేదును ఎందుకు కొడుతున్నవురా? చేదు ఎక్కువైతలేదు బిడ్డా, తీపి కరువైతున్నది. ఇగ ఎక్కడ పెడుతున్నవు దాన్ని, ఎండ తగిలే కాడనా? వేడికి దించిన కల్లు ఆగమాగం పొంగి ఖరాబైతది.”

అప్పుడే అమ్మ బోనం తలకెత్తుకొని వాకిట్లోకి వచ్చింది. కుండలో బెల్లం వేసి వండిన అన్నం, మెడచుట్టూ వేపమండలు. నాయన అటు చూపించి, “గట్ల ఉండాలె. తీపి లోపల నిండుగ, చేదు అంచుకు” అన్నాడు.

అమ్మ వెంట నడవడానికి లేస్తున్నప్పుడు ఆయన మరొక మాట అడిగాడు. “నీతోని కాసెటోళ్ళకు ఎరికేనా, మీ నాయిన కల్లు గీసిండని?”

మా ఊళ్ళో నెలకొకసారి కలిసే ఎనిమిదిమందిమి ఉన్నాము. తాతలు జర్మనీలో బీరు కాచారని ఒకాయన గర్వంగా చెప్పుకుంటాడు. నన్ను అడిగినప్పుడు నా నోట వచ్చిన మాట పాత ఫారంలోదే. రైతు. నేను జవాబు చెప్పలేదు. నాయన ఈసారీ ఏమీ అనలేదు.

తిరిగి వెళ్ళాక నాలుగు కాపులు కాచాను, కాపుకొక మార్పు చొప్పున. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. 19 లీటర్లకు అయిదున్నర కిలోల మాల్టు, అందులో 450 గ్రాములు తీపి నిలిపే క్రిస్టల్ మాల్టు, ఇవి మార్చలేదు. మొదటిసారి, మాల్టును గంటసేపు నానబెట్టే వేడినీళ్ళను 65 డిగ్రీలనుంచి 68కి పెంచాను. ఆ వేడిలో ఈస్టు తినలేని చక్కెరలు ఎక్కువగా మిగులుతాయి. సాంద్రత 1.014 దగ్గర ఆగింది, బీరుకు చిక్కదనం వచ్చింది. రెండవసారి జిప్సం సగానికి తగ్గించాను. మూడవసారి పులియబెట్టే జాడీని గరాజునుంచి నేలమాళిగకు మార్చి, 24 డిగ్రీల వేడిని 18కి దించాను. గొంతులో మంట పోయింది. నాలుగవసారి హాప్స్ వేసే వేళ మార్చాను. గంటసేపు మరిగే హాప్స్ చేదునిస్తాయి, వాటి పరిమళం ఆవిరైపోతుంది. కనుక మొదట్లో వేసేవి 28 గ్రాములకు కుదించి, పొయ్యి ఆర్పే ముందు కొంత, పులిసిన తరువాత మూడు రోజులపాటు కొంత వేశాను. వేసిన మొత్తం మునుపటికంటె ఎక్కువే. అయినా గీరుకుపోలేదు.

ఆ నాలుగవ కాపు సీసాలు పట్టుకొని నెలవారీ కలయికకు వెళ్ళాను. ఎలా సరిచేశావని అడిగారు. మా నాయన చెప్పాడన్నాను. రైతుకు ఇదెలా తెలుసునని ఒకరు అడిగారు. రైతు కాదు, హైదరాబాదులో తాటికల్లు, ఈతకల్లు గీసేవాడు, నేను మీకు అబద్ధం చెప్పాను అన్నాను. వాళ్ళు ఆ అబద్ధాన్ని పట్టించుకోలేదు. లొట్టి గురించి, సున్నం గురించి గంటసేపు అడిగారు. సగం ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకొని ఆ రాత్రి ఇంటికి ఫోను చేశాను. గౌలిపురాలో అప్పటికి మరునాటి పగలు. ఒక్కొక్కటే అడుగుతుంటే నాయన విసుగు లేకుండా చెప్పాడు. ఎవరు అడిగారని అడిగితే, “నాతోని కాసెటోళ్ళు” అన్నాను. కాసేపు ఏ చప్పుడూ లేదు.

తరువాత ఫోనును కొత్త కాపు పులుస్తున్న జాడీ దగ్గర పెట్టమన్నాడు. మూతకున్న గొట్టంలోనుంచి బుడగలు ఒక్కొక్కటే వస్తున్నవి. ఆయన చాలాసేపు విని, “నిదానంగనే ఉన్నది. ఇగ ముట్టకు” అన్నాడు.