వెనక మూత

మెడలో అట్ట తగిలించుకొని తిరగడం నాకు అదే మొదలు. అట్ట మీద నా పేరు, కింద మా అంగడి పేరు, దాని కింద ఇండియా అని. లాస్ వేగాస్‌లో ఏటా జనవరిలో జరిగే సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్ వస్తువుల ప్రదర్శన మామూలు జనానికి కాదు, ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకే. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను గడప తొక్కనివ్వరు. శాన్‌హోసేలో ఉండే మా మేనల్లుడు మా అంగడి కాగితాలు పంపించి నాకు అనుమతి తెప్పించాడు. "మామా, నలభై ఏండ్లుగా టీవీలు విప్పతా ఉండావు. అవి యాడ పుడతాయో ఒక తూరి చూసిపోదువు రా" అన్నాడు. అట్లా 2024లో, హోసూరు సందులో రేడియోలు, టీవీలు బాగుచేసుకొనే నేను 1,38,000 మందికి పైగా వచ్చిన ఆ తిరునాళ్లలో పడ్డాను.

ఈ ప్రదర్శన మొదటిసారి 1967 జూన్‌లో న్యూయార్కులో రెండు హోటళ్లలో జరిగిందట. ఇప్పుడు ఒక్క సభాప్రాంగణమే ఎంత పెద్దదంటే, ఒక హాలు నుంచి ఇంకో హాలుకు పోవడానికి నేల కింద సొరంగం తవ్వి కార్లు నడుపుతున్నారు. 4,300కు పైగా సంస్థలు దుకాణాలు తెరిచాయి. నాలుగు రోజులూ తిరిగినా సగం కూడా చూడలేదు. హ్యుందాయ్ వారి ఎగిరే టాక్సీ నమూనా చూశాను, కాఫీ కలిపే మరమనిషిని చూశాను. వాటి గురించి పత్రికల్లో మీరూ చదివే ఉంటారు.

అక్కడ జనం మనిషి ముఖం కంటే ముందు అట్ట చూస్తారు. పెద్ద కంపెనీ పేరు కనిపిస్తే చెయ్యి చాచుతారు. నా అట్ట చదివినవాళ్లు మర్యాదగా నవ్వి, పక్కవాడి అట్ట వైపు తిరిగేవాళ్లు. నేను తప్పు పట్టను. మా ఊరి సంతలో ఎద్దుల బేరగాళ్లు కూడా అంతే, ముందు మొలలో సంచి బరువు చూస్తారు.

ఎల్జీ వారి చోట జనం కిక్కిరిసి ఉన్నారు. 77 అంగుళాల టీవీ, అద్దం మాదిరి ఉంది. తెర మీద చేపలు ఈదుతుంటే వాటి సందుల్లోంచి అవతల నిలబడ్డ మనుషులు కనిపిస్తున్నారు. మీట నొక్కితే నల్లటి తెర ఒకటి వెనక లేచి, అది మామూలు టీవీ అయిపోతుంది. కరెంటు తీగ తప్ప వేరే తీగ లేదు, బొమ్మంతా గాలిలో వచ్చేదే. అందరూ ఎదుట నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. నేను అలవాటు కొద్దీ చుట్టు తిరిగి వెనక్కి పోయాను. అక్కడా అవే చేపలు, కుడి ఎడమలు మారి. ఆ టీవీకి వెనక అనేదే లేకుండా చేశారు.

నాకు పని నేర్పింది వెనకే. మా నాయనకు మర్ఫీ రేడియో ఒకటి ఉండేది. వెనక అట్ట విప్పితే లోపల, ఏ వాల్వు ఎక్కడ గుచ్చాలో చూపే కాగితం అంటించి ఉండేది. ముందు పక్క ఇంటిల్లిపాదీ కూర్చొని సిలోను తెలుగు పాటలు వినేవాళ్లు. నేను వెనక చేరి, వెలిగే వాల్వులను చూసేవాణ్ణి. నేను చదివిన బడిలో తమిళం, అంగడివీధిలో కన్నడంతో కలిపి మూడు భాషలు, ఇంట్లో తెలుగు. బయటి నుంచి మా ఇంట్లోకి వచ్చే తెలుగు ఏదైనా ఉందంటే అది ఆ పెట్టెలోంచి వచ్చేదే. చెడిపోతే పాట ఆగిపోయేది. అందుకే దాన్ని బాగుచెయ్యడం నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, డయనోరా, సాలిడేర్ టీవీలు వచ్చాయి. బెంగుళూరు ఎస్పీ రోడ్డుకు పోయి విడిభాగాలు తెచ్చేవాణ్ణి. ఏ పెట్టె అయినా నాలుగు స్క్రూలు తిప్పితే తన కథంతా చెప్పేది.

అందుకే ప్రతి దుకాణంలోనూ ఒకే ప్రశ్న అడుగుతూ పోయాను: దీన్ని విప్పేది ఎట్లా? చెవిలో పెట్టుకొనే యంత్రాలు, చేతి గడియారాలు, ఉంగరాలు. ఎక్కడా స్క్రూ లేదు, అంతా జిగురే. ఒక కుర్రవాడు ఓపికగా, "విప్పనక్కరలేదు, రెండేళ్లలోపు పాడైతే కొత్తది ఇస్తాం" అన్నాడు. మరి పాతది ఏం చేస్తారు అన్నాను. వాడికి ఆ ప్రశ్న కొత్త. నవ్వి ఊరుకున్నాడు.

నాలాంటి చాదస్తులు అక్కడా ఉన్నారని మేనల్లుడు చెప్పాడు. బాగుచేసే హక్కు కోసం పనిచేసే సంఘాలవాళ్లు ఈ ప్రదర్శనలోని వస్తువుల్లో నాసివాటిని ఏరి, ఏటా చెడ్డ బిరుదులు ప్రకటిస్తారట. తమ ట్రాక్టర్లు తామే బాగుచేసుకోనివ్వాలని అక్కడి రైతులు ఏళ్ల తరబడి పోరాడితే, 2023 జనవరిలో జాన్ డీర్ కంపెనీ వాళ్ల సంఘంతో ఒప్పందం రాసుకుంది. నేను తిరిగి వచ్చాక, అదే 2024 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో చట్టమూ అమలుకు వచ్చింది: కంపెనీలు విడిభాగాలూ, పనిముట్లూ, విప్పే వివరాలూ బయటివాళ్లకూ ఇవ్వాలని. మనదేశంలోనూ 2022లో కేంద్ర ప్రభుత్వం ఈ విషయం మీద ఒక కమిటీ వేసింది. మా అంగడికి మాత్రం ఇంతవరకూ ఏ కంపెనీ కాగితమూ రాలేదు.

మూడో రోజు ఒక చిన్న దుకాణం ముందు మేనల్లుడు నన్ను నిలబెట్టాడు. చెవిలో పెట్టుకొని మనం మన భాషలో మాట్లాడితే అవతలివాడి చెవిలో ఇంగ్లీషు వినిపించే యంత్రం. తెలుగు ఉందా అన్నాను. ఆ అమ్మాయి చూపిన పట్టీలో తెలుగు అని మన అక్షరాల్లోనే ఉంది. నిజం చెబుతున్నాను, ఒళ్లు పులకరించింది. సిలోను పాట విన్న చెవి కదా. అడగడానికి నాకు వేరే ప్రశ్న ఏముంది?

"ఇదో పాపా, దీన్ని విప్పాలంటే ఏ తిరుప్పులి కావాల?" అన్నాను.

తమిళనాడులో పుట్టిన పాఠకులకు చెప్పనక్కరలేదు. స్క్రూ తిప్పే పనిముట్టును మేం తిరుప్పులి అంటాం. మా నాయనా అదే అన్నాడు. తమిళం నుంచి వచ్చిన మాటని నాకు పదిహేనేళ్లు వచ్చేదాకా తెలియదు. యంత్రం ఒక క్షణం ఆలోచించింది. ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. ఫోను తెర మీద ఇంగ్లీషులో తిరుపతి, పులి రెండూ వచ్చి కూర్చున్నాయి. నా చెవిలో మాత్రం ఒక ఆడగొంతు వార్తలు చదివినట్టు, "దయచేసి మీ ప్రశ్నను పునరావృతం చేయండి" అంది.

మేనల్లుడు పడీపడీ నవ్వాడు. "మామా, టీవీలో మాట్లాడినట్టు మాట్లాడు" అన్నాడు. గొంతు సవరించుకొని, "దీనిని తెరవడానికి ఏ పనిముట్టు అవసరం?" అన్నాను. టక్కున అర్థమైంది దానికి. ఆ అమ్మాయి ఏదో చెప్పింది, నా చెవిలో చక్కటి తెలుగు పలికింది: "దీనిని తెరవడం సాధ్యం కాదు."

యంత్రం తీసి ఇచ్చేశాను. దానిమీద నాకు కోపం లేదు. వాడు నవ్వినందుకు కొంచెం ఉంది. వాళ్లమ్మ, అంటే మా చెల్లెలు, ఈనాటికీ తిరుప్పులి అనే అంటుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక హోటలు కిందికి దిగాను. ఆ ఊరి హోటళ్లలో నేల అంతస్తు నిండా జూదపు యంత్రాలే. రాత్రి రెండింటికీ జనం మీటలు నొక్కుతూ ఉన్నారు. ఒక మూల యంత్రం దీపాలు ఆరి ఉంది. తలుపు తీసి ఉంది. చొక్కా జేబు మీద హోటలు గుర్తు ఉన్న ఒక మనిషి, దాదాపు నా ఈడువాడే, నోట్లో చిన్న టార్చి కరచుకొని, రెండు చేతులూ లోపల పెట్టి పని చేస్తున్నాడు. నాలుగు రోజుల్లో మూత తీసిన వస్తువు నేను చూడటం అదే మొదలు.

కొంచెం దూరంగా నిలబడ్డాను. అతను తలెత్తి చూశాడు. మెడలో అట్ట తియ్యడం మరిచిపోయినట్టున్నాను, అది చదివాడు. మా అంగడి పేరులో రేడియో సర్వీస్ అని ఉంటుంది. టార్చి నోట్లోనే ఉంది కాబట్టి ఏమీ అనలేదు. కాస్త పక్కకు ఒరిగాడు, వెలుతురు లోపల పడేట్టు.