గ్రంథాలయం గోడ మీద ఎవరి బొమ్మ?



మన గ్రంథాలయం బయటి గోడకు బొమ్మ వేయించాలని పోయిన నెల సార్లు అనుకున్నారు గదా. పెయింటర్ వచ్చి ముందు కాగితం మీద గీసి చూపించాడు. సరస్వతీదేవి, పక్కన ఒక చెంచు మనిషి. తలకు ఈకలు, నడుముకు ఆకులు, చేతిలో విల్లు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కానీ లోపల ఎందుకో సిగ్గేసింది.

ఆ ఆదివారం మా నాయన నన్ను చూసిపోదామని వచ్చాడు. కాగితం చూపించి, "ఎవరో చెప్పు నాయనా" అన్నాను. చాలాసేపు చూసి, "ఎవర్రా ఈయన, సినిమా ఆయనా?" అన్నాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. మా నాయన లుంగీ కడతాడు, చొక్కా తొడుగుతాడు. తేనె కోసం తాడు పట్టుకొని కొండచరియ దిగుతాడు. పైన ఆ తాడు పట్టేది మా మేనమామే. బావమరిది చేతికి తప్ప ఆ తాడు ఇంకెవరికీ ఇవ్వరు. అది గదా మన బొమ్మ!

భయపడుతూనే తెలుగు సార్‌కు చెప్పాను. సార్ కోప్పడలేదు. మెక్సికో దేశంలో ఒక విశ్వవిద్యాలయం గ్రంథాలయం ఫోటో చూపించారు. 1950ల నాటి కట్టడం. హువాన్ ఓ గోర్మన్ అనే చిత్రకారుడు దాని నాలుగు గోడల నిండా బొమ్మలు చేశాడు. రంగు పూయలేదు. దేశంలో పలుచోట్ల నుండి రంగురంగుల రాళ్ళు ఏరి తెచ్చి అతికించాడు. అందుకే ఎండకూ వానకూ వెలిసిపోవు. ఒక గోడంతా ఆ దేశపు ఆదివాసుల పాత కథే. 2007లో యునెస్కో ఆ ప్రాంగణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

"మనకూ మార్కాపురం పలకరాయి ఉంది గదా సార్! గనుల దగ్గర ముక్కలు అడిగి తెచ్చుకుందాం" అన్నాను. సార్ నవ్వి, "ముందు ఏం గీయాలో తేల్చండి. డబ్బు ఇచ్చేముందే మార్చమని అడగాలి. గోడ మీదికి ఎక్కాక అడిగితే లాభం లేదు" అన్నారు.

కొందరు మిత్రులు ఈకల బొమ్మే బాగుందంటున్నారు. వాళ్ళతో నాకు తగాదా లేదు. త్రిపురాంతకం కొండ మీది గుడిలో కాకతీయుల కాలం శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. రాతి మీద ఏముంటే తర్వాతి వాళ్ళు దాన్నే నమ్ముతారు. మన తర్వాత ఈ బడికి వచ్చే పిల్లలు గోడ చూసి, "ఇది మా తాత" అనాలా, "ఎవరీయన?" అనాలా?

పండుగ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ పెద్దవాళ్ళను అడిగి రండి. ఈసారి తెలియకుండా చప్పట్లు కొట్టొద్దు. నేనూ కొట్టను.

— 9వ తరగతి విద్యార్థి